గోదాలో రెండు గుంతలు

నిన్న పొద్దున ఎయిర్‌పోర్టు రోడ్డు పక్క పూలమొక్కల కోసం తవ్విన ఎర్రమట్టి మీద నీళ్లు చల్లగానే, పసుపూ పుల్లమజ్జిగా కలిసిన వాసన గుప్పుమంది. ఆ మట్టిలో ఇప్పుడెవరూ పసుపు కలపరు. కలిపినవాళ్ల తాలీం ఈ రోడ్డు కిందే ఉంది. ఆ సంగతి చెప్పే రాయి ఒక్కటైనా ఎవరూ పాతలేదు.

తాలీం అంటే మా ఊరి కుస్తీ గది. మట్టిగోడలు, తాటికమ్మల కప్పు, నడుమ కుస్తీ పట్టే మెత్తటి మట్టి గోదా. ఎండాకాలం పొద్దు పొడిచేసరికి మా పెద్దన్న యాదగిరి ఆ మట్టిని తిరగదోడి, నువ్వులనూనె, మజ్జిగ, పసుపు, నలిపిన వేపాకు కలిపి తొక్కుతుంటే, తొమ్మిదేళ్ల నేను గడపలో కూర్చుని అమ్మ పంపిన బాదంపాలకు కాపలా కాసేవాణ్ణి. పీర్ల పండుగకైతే రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు కూడా వచ్చేవి, సగం నా కడుపులోకే పోయేవి.

అన్న పట్నంలో గ్రీకో-రోమన్ కుస్తీ నేర్చాడు. అందులో నడుము కింద పట్టరాదు, కాలు వాడరాదు. చిన్ననాటి నుంచి కాళ్లు లాగి గెలిచిన చేతులు ఊరుకుంటాయా? అందుకని మా తాలీంలో కుస్తీ నేర్పే ఉస్తాద్ ఎదుటివాడి తొడలకు తడిసున్నం పూయించేవాడు. పట్టు అయ్యాక అన్న అరచేతులు చూపాలి.

"మల్ల తెల్లగున్నయి గదరా యాదిగా! సున్నాలేసే పనికి పోతవా ఏంది?" అని ఉస్తాద్ అంటే గోదా అంతా నవ్వేది.

ఏడాదిన్నరకు ఆ చేతులు తెల్లబడటం మానేశాయి. అన్న దేశం తరఫున రెండుసార్లు సముద్రాలు దాటి రెండు పతకాలు తెచ్చాడు. ఊరివాళ్లు మాత్రం "కాలు వట్టని కుస్తీ గూడ కుస్తీనేనా?" అని ఇకిలించారు. నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

పోటీలకు పోయే ముందు అన్న గోదాను అద్దంలా చదునుచేసి తలుపుకు తాళం వేసేవాడు. తిరిగొచ్చి ఆయనే మొదటి అడుగు వేయాలి, అప్పటిదాకా ఇంకెవరూ వేయరాదు. అది తాలీం కట్టుబాటు. మూడోసారి పోతూ తాళంచెవి నా మొలతాడుకు కట్టాడు. "తమ్మీ, గడప కాన్నుంచే అగర్‌బత్తి వెట్టు. లోపటికి పోకు."

తొమ్మిదో పొద్దున తాళం తీశాను. గోదా నడుమ పక్కపక్కన రెండు గుంతలు, వెడల్పాటి భుజాలవి. వాటి పైన తల ఆనినంత పల్లం. చుట్టూ ఒక్క పాదముద్ర లేదు. మట్టి అప్పుడే మనిషి లేచిపోయిన పక్కలా ఆవిరి కక్కుతోంది. నేనే తొక్కానని తంతారని భయమేసి, గడప మీంచే పొడుగు కర్రపలక చాచి చదును చేసేశాను.

నాలుగు రోజులకు కబురొచ్చింది. నేను గుంతలు చూసిన రోజే అన్న ఓడిపోయాడు, రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనాయి.

వచ్చినరోజు అన్న గడపలోనే నిలబడి చాలాసేపు మట్టిని చూశాడు. గుంతల సంగతి నేనెవరికీ చెప్పి ఉండలేదు.

"ఎందుకు మూసినవ్‌రా తమ్మీ? నేనింక లేవనే లేదు గద."

ఆయన ఆ మొదటి అడుగు వేయలేదు. కాబట్టి ఇంకెవరూ వేయలేదు. గగన్‌పహాడ్‌లో ఒక కంపెనీ గేటు దగ్గర కాపలా కుర్చీలోనే ముసలివాడై, కన్నుమూశాడు. చివరికి ఆ గోదాలో మొదటి అడుగు బుల్డోజర్‌ది. తాటికమ్మలు లేవు, సున్నం బకెట్టు లేదు, బాదంపాల చెంబు లేదు, ఉస్తాద్ నవ్వు లేదు.

నిన్న నీళ్లు ఇంకాక ఆ ఎర్రమట్టి నడుమ రెండు గుంతలు తేలాయి, పైన ఒక పల్లం. చుట్టూ అడుగుల్లేవు. మొక్కలు నాటే ఆమె పార ఎత్తింది. నేను గభాలున ఆ పార పట్టుకున్నాను.

"ఏంది బాపు? గుంతలే గద, సాపు జెయ్యనియ్యి."

"జర ఆగు బిడ్డా. మా అన్న లేవాలె."