మా వంటింట్లో తూర్పు బురుజు

శౌరయ్య గారి కంటికి మా ఊళ్లో ఇళ్లంటూ లేవు. ఉన్నవన్నీ కోట ముక్కలే.

ఉయ్యూరు దాటాక మా ఊరి పక్కన ఏ కాలంలోనో కోట ఉండేది. ఇప్పుడు మిగిలింది మట్టిదిబ్బ, దాని చుట్టూ గుర్రపుడెక్క నిండిన అగడ్త. శత్రువులు దాటకుండా అందులో మొసళ్లను పెంచేవారని శౌరయ్య గారు చెబుతారు. ప్రస్తుతం గేదెలున్నాయి. కోట ఇటుకలను మా తాతలు బండ్లకెత్తుకొచ్చి ఇళ్లు కట్టుకున్నారు. ఆర్టీసీ కండక్టరుగా రిటైరైనప్పటి నుంచి ఆయన వాటిని వెతుక్కుంటూ ఇల్లిల్లూ తిరుగుతున్నారు. పెళ్లిచూపులకు తీసుకెళితే పిల్లను వదిలేసి గోడను చూస్తారు. మా వీధి చివరి జాన్ పాల్ వాళ్లింటికి పరామర్శకు వెళ్లి, ఏడుస్తున్నవాళ్లను కాస్త జరగమని, వెనకున్న ఇటుకను జానతో కొలిచారట.

మా వంటింటి గోడంటే ఆయనకు ప్రాణం. పదితో బడి మానేసి కిటికీ దగ్గర జాకెట్లు కుట్టే నాకు రోజూ ఆయన రాక కనిపిస్తూనే ఉంటుంది. వస్తూనే గోడకు చెవి ఆనిస్తారు.

"ఏవంటందయ్యా నీ కోట?" అంటుంది మా నాయనమ్మ సంపూర్ణమ్మ.

"కాఫీ అడుగుతోందక్కా. పంచదార తక్కువంట."

ఇక్కడ కోట ఉండేదని దిబ్బ దగ్గర ప్రభుత్వం బోర్డు పెడితే చూడాలన్నది ఆయన ఒకే ఒక్క కోరిక. ఏళ్ల తరబడి అర్జీలు పెడితే, పోయిన నెల విజయవాడ నుంచి శ్రీదుర్గ అనే పురావస్తు శాఖ ఆఫీసరమ్మ వచ్చారు. అగడ్త చుట్టూ తిరిగారు, దిబ్బ ఎక్కారు. ఆ ఇటుకలతో కట్టిన గోడ ఒక్కటైనా చూపిస్తే బోర్డుకు రాస్తానన్నారు. ఊరంతా ఆవిణ్ణి మా వంటింటికి తోలుకొచ్చింది.

అయితే కోట ఇటుకలున్న ఇల్లు సర్కారు పట్టుకుపోతుందని అప్పటికే ఎవరో పుకారు పుట్టించారు. నాయనమ్మ గోడకు అడ్డంగా బియ్యం బస్తా వేసుకుని దాని మీద కూర్చుంది. రెండు చేతులూ వెనక్కి చాపి గోడను అదిమి పట్టుకుంది.

శౌరయ్య గారు గోడను చూశారు. నాయనమ్మ చేతుల్ని చూశారు.

"ఇయ్యి కోటవి కాదండీ," అన్నారు మెల్లగా. "బట్టీ ఇటుకలు. నేనే తోలించా."

ఇటుక కనిపిస్తే కోటది కాదని ఆయన ఏనాడూ అనలేదు.

ఆఫీసరమ్మ నవ్వారు. "మేం ఇళ్లు తీసుకోం మామ్మగారూ. కొలుచుకుని, ఫొటో తీసుకుని వెళ్లిపోతాం."

"ఒట్టేనా అండీ?" అన్నారు శౌరయ్య గారు.

"ఒట్టేనండీ."

అంతే, బస్తా నాయనమ్మతో సహా పక్కకు జరిగింది. ఇది తూర్పు బురుజుదని, పెరట్లో పశువుల పాక కూడా కోటదేనని, జాన్ పాల్ వాళ్లింట్లో ఇంకా పెద్దవున్నాయని గుక్క తిప్పుకోకుండా చెబుతూ ఆయన ఆవిడ చేతిలో టేపు లాక్కున్నారు.

నాయనమ్మ లేచి, చీర సర్దుకుని, గోడ పక్కన నిలబడింది.

"ఆ అబద్ధాలకోరును కూడా నా పక్కన నిలబెట్టి తియ్యమ్మా," అంది.