మూసి ఉంచాను

మా పిన్ని కాలు కాలిన పిల్లి. పనికి బయలుదేరిందంటే వీధి మలుపు దాకా వెళ్ళి, పొయ్యి ఆపానో లేదో అనుకుంటూ వెనక్కి రావాల్సిందే. పొయ్యి ఆపే ఉంటుంది. ఆ సంగతి తనకీ తెలుసు. అయినా మీట మీద చెయ్యి వేసి చూసుకుంటే గానీ బస్సెక్కే ధైర్యం రాదు. "నీ చేతి రాపిడికే అది అరిగిపోతోందే," అంటాడు బాబాయి. లాండ్రీలో తోటివాళ్ళు తనకి 'మరోసారమ్మ' అని పేరు పెట్టారు.

లాండ్రీ అంటే వీధి చివర ఇస్త్రీ కొట్టు కాదు. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద షెడ్డు. మనిషి లోపల నిలబడగలిగేంత డ్రమ్ములు, ఆరబెట్టే యంత్రాలు, చివర్న ఆవిరితో కాగే పొడుగాటి ఇనుప రోలరు. తడి దుప్పటి ఒకవైపు నుంచి పెడితే రెండోవైపు కాగితంలా బయటికొస్తుంది. అక్కడ చేతులెప్పుడూ తడే కాబట్టి షిఫ్టు మారేటప్పుడు రాతకోతలుండవు. దిగిపోయేవాళ్ళు ఒక్కో యంత్రం దగ్గరికీ వెళ్ళి, దాని మీద అరచెయ్యి ఆనించి, ఏం చేశారో ఎక్కేవాళ్ళకి నోటితో చెప్పాలి. చెయ్యి పెట్టకుండా చెప్పిన మాట ఎవరూ తీసుకోరు.

పిన్ని ముంజేతి మీద ఆకులాంటి మచ్చ ఒకటుంది. తను కొత్తగా చేరిన రోజుల్లో ఎవరో తలుపు దగ్గర నుంచే "ఆవిరి ఆపేశా" అని అరిస్తే, నమ్మి రోలరుకి చుట్టి ఉండే గుడ్డ మార్చబోయింది. ఆ గుర్తు అది.

షిఫ్టు పెద్ద మానేశాక ఆయన పని కూడా పిన్నే చూస్తోంది. ఆ ఉద్యోగం తనకే కావాలని పట్టుదల. ఎందుకంటే రోలరుకి ఆవిరి వదిలి, మూసే చక్రాన్ని షిఫ్టు పెద్ద తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. "అది నా చేతిలో ఉంటే ఇంకొకళ్ళ నోటిని నమ్ముకునే ఖర్మ ఉండదు," అనేది. కానీ కొత్తగా వచ్చిన మేనేజరమ్మ, పనివాళ్ళు తలో భాషవాళ్ళు కాబట్టి అప్పగింత ఇంగ్లీషులోనే జరగాలంది. శుక్రవారం తన ఎదుట అప్పగించి చూపించాలట. తర్వాతి షిఫ్టులో ఉండే పొడుగాయన కూడా ఆ ఉద్యోగమే అడిగాడు. అతనికి ఇంగ్లీషు మంచినీళ్ళ ప్రాయం.

పిన్ని నా దగ్గరికొచ్చింది. "అంతంత పుస్తకాలు చదువుతావు కదే, నాకో నాలుగు వాక్యాలు నేర్పు."

"ముందు కూర్చో పిన్నీ."

"చెవులు కూర్చునే ఉన్నాయి. నువ్వు చెప్పు," అంటూ బల్ల తుడుస్తోంది.

"'ఐ క్లోజ్డ్ ద స్టీమ్' అంటే ఆవిరి మూశాను. ఎప్పుడో మూశావు. ఆ తర్వాత ఏమైందో ఆ వాక్యానికి పట్టదు. 'ఐ హ్యావ్ క్లోజ్డ్ ద స్టీమ్' అంటే మూసి ఉంచాను. నేను చెబుతున్న ఈ నిమిషానికి కూడా మూసే ఉందని."

పిన్ని చేతిలో గుడ్డ ఆగింది. "అంటే పూచీ పడ్డట్టా?"

"ఇంచుమించు అంతే."

"ఈ ఇంగ్లీషువాళ్ళు నన్ను చూసే పెట్టినట్టున్నారే!"

ఇక ఇల్లంతా పాఠమే. తలుపుకి తాళం వేశాను, ఐ హ్యావ్ లాక్డ్ ద డోర్. మాత్ర వేసుకున్నారా, హ్యావ్ యూ టేకెన్ ద టాబ్లెట్. బాబాయి గుమ్మంలోంచి, "పొద్దున్నుంచీ ఆకలితో ఉన్నానని ఎలా అనాలమ్మాయ్?" అనడిగాడు. చెప్పాను. ఆయన గొంతు సవరించుకుని, "ఐ హ్యావ్ బీన్ హంగ్రీ సిన్స్ మార్నింగ్!" అన్నాడు.

"ఐ హ్యావ్ నాట్ కుక్డ్ యెట్!" లోపల్నుంచి పిన్ని.

"ఆ 'యెట్' ఒక్కటే నాకు మిగిలిన ఆశ," అన్నాడు బాబాయి.

నువ్వు వెళ్ళేసరికే బస్సు వెళ్ళిపోయింది అనడానికి 'ద బస్ హ్యాడ్ లెఫ్ట్' అనాలని చెబితే, "అది మాత్రం అర్థం చెప్పక్కర్లేదు, రోజూ చూస్తున్నదేగా," అంది.

వారమంతా మెట్లెక్కుతూ, తల దువ్వుకుంటూ, బస్సులో కిటికీకేసి తిరిగి అవే వాక్యాలు వల్లించింది. బార్లా తెరిచి ఉన్న తలుపు ముందు నిలబడి మూసి ఉంచానంటుంది. "తలుపు తీసే ఉంది కదే!" అంటే, "ఇది పాఠమండీ, తలుపు కాదు," అని బాబాయిని కసిరేది.

శుక్రవారం సాయంత్రం పిన్ని తిరిగొచ్చి చెప్పులు కూడా విప్పలేదు. జరిగినదంతా వంటింట్లో నటించి చూపించింది. బాబాయి మేనేజరమ్మ, నేను పొడుగాయన, మూలనున్న నీళ్ళ పీపా రోలరు.

"'లోపల చప్పుడులో ఏం వినపడుతుంది, ఇక్కడే తలుపు దగ్గర నిలబడి చెప్పండి' అందావిడ. సరేనన్నాను. ఒక్క మాట తడబడితే ఒట్టు! ఐ హ్యావ్ ఎంప్టీడ్, ఐ హ్యావ్ క్లీన్డ్, ఐ హ్యావ్ క్లోజ్డ్... వాన కురిసినట్టు చెప్పేశాను. ఆవిడ తల ఊపింది. పొడుగాయన రోలరు గుడ్డ మార్చడానికి చేతులు పైకి మడుచుకుని వెళ్ళాడు."

పిన్ని తన అరచెయ్యి చూసుకుంది.

"ఈ చెయ్యి ఊరుకోలేదే. దేన్నీ ముట్టుకోకుండా అంతా చెప్పేశానని అప్పుడు తట్టింది. ఒక్క అరుపు అరిచాను."

"ఇంగ్లీషులోనేనా?" అన్నాడు బాబాయి.

"ఇంగ్లీషు గుర్తుంటేగా! ఆగరా నాయనా అన్నాను. ఆ గొంతుకి ఏ భాషవాడైనా ఆగాల్సిందే. ఆగాడు. పరిగెత్తి చక్రం మీద చెయ్యి వేస్తే మూసేవైపు తిరిగిందండీ. ఇంకా తిరిగింది. ఆవిరి వస్తూనే ఉంది."

పిన్ని నీళ్ళ పీపా మీద అరచెయ్యి ఆనించింది.

"పొద్దున్నుంచీ ఆ వాక్యం అన్నేసి సార్లు అన్నాను కదా, పని కూడా అయిపోయిందనుకుంది మనసు. 'ఇందాక మూశానన్నారే?' అంది మేనేజరమ్మ."

"ఎవరో మళ్ళీ తిప్పారని ఒక్క ముక్క అనలేకపోయావా?"

"ఎవరి మీద పెట్టనండీ? దాన్ని ముట్టుకునేది నేనొక్కదాన్నేగా. మూయలేదన్నాను. ఇప్పుడు మూశానన్నాను. మొదటి డ్రమ్ము దగ్గర్నుంచి చెయ్యి పెట్టుకుంటూ అంతా మళ్ళీ చెప్పాను. ఈసారి ప్రతి వాక్యం కుంటింది. పొడుగాయన మాత్రం ప్రతిదానికీ తలూపుతూ నా వెనకే వచ్చాడు."

శని, ఆదివారాలు పిన్ని ఇంట్లో ఒక్కచోట కూర్చోలేదు. అల్మారా సర్దింది, సర్దినదాన్ని మళ్ళీ దింపింది. నేనేదైనా ఓదార్పు మాట ఎత్తబోతే, "ఆ డబ్బా ఇటియ్యి," అనేది.

సోమవారం ఉద్యోగం పొడుగాయనకిచ్చారు. ఆ మాట పిన్నికి చెప్పడానికి అతనే వచ్చాడట, రెండు చేతులూ ముందుకి చాపి చూపించాడట.

"నువ్వేమన్నావు పిన్నీ?"

"చేతులు బాగానే ఉన్నాయిగా, చెయ్యనీ అనుకున్నాను. పైకి అనడానికి వాక్యం దొరకలేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. తుడిచిన చోటే ఇంకోసారి తుడుచుకుంది. "ఇకమీదట ఆవిరి అతనే మూస్తాడు. అతను మూశానన్నాక నేనెళ్ళి చూస్తే ఏమనుకుంటాడో!"

"ఏమనుకుంటాడు, మరోసారమ్మ అనుకుంటాడు," అన్నాడు బాబాయి.

పిన్ని నవ్వలేదు. గోడకి ఆనుకుని, మళ్ళీ లేచి, నా దగ్గరికొచ్చింది. "ఉదయం షిఫ్టు పెద్ద వచ్చే వేసవికి మానేస్తాడట. అప్పటికి నేర్చేసుకుని ఉంటాను అనడానికి ఏమంటారే?"

"ఐ విల్ హ్యావ్ లర్న్డ్ బై దెన్."

మొదటి మాట పెదాల దాకా వచ్చింది. ఆపేసుకుంది.

"వద్దులే. ఇంకా నేర్చుకోలేదుగా," అని పొయ్యి దగ్గరికి వెళ్ళి మీట మీద చెయ్యి వేసింది.