నీళ్లే చూసుకుంటయ్

ఫోన్‌లో అడిగావు కదా బిడ్డా, మన బావి నీళ్లు ఉప్పగా ఎందుకుంటాయని. అడుగున చౌడు నేల. దాని ఉప్పు నీళ్లలోకి దిగుతుంది. మేకలు మాత్రం ఇష్టంగా తాగేవి. మీ పెద్దవ్వ, అంటే నా పెద్ద తోడికోడలు, ఆ నీళ్లతోనే పప్పు వండేది. ఉప్పు వేసేది కాదు. ఎవరైనా అడిగితే "నీళ్లే చూసుకుంటయ్" అనేది. కూతురి పెళ్లి మాట ఎత్తినా అదే జవాబు.

కరోనా రోజుల్లో మన వాడకు మంచినీళ్ల నల్లా వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఆమె మేకల కొట్టంలోకి పోయి గడియ పెట్టుకుంది.

"దగ్గరికి రాకు చెల్లె! నోటికి రుచి తెలుస్తలేదు. గా రోగమే అంటుకున్నది. సచ్చేముందు నీకొక ముచ్చట చెప్పాలె" అని లోపలి నుంచి ఏడ్చింది.

నేను ఆమె వంటింట్లోకి పోయి పప్పు నోట్లో వేసుకున్నాను. నాకూ రుచి తెలియలేదు. పక్కనే ఉన్న మామిడి తొక్కు నాకితే ఉప్పూ కారం చురుక్కుమన్నాయి.

"అక్కా, పప్పుల ఉప్పేసినవా?" అని కొట్టం వైపు కేకేశాను.

"ఎందుకేస్త? నీళ్లే..." అని ఆగిపోయింది. ఆ పూట ఆమె ఎసట్లో పోసింది నల్లా నీళ్లు!

గడియ తీసి బయటికొచ్చి, తొక్కు నాకి, నన్ను పట్టుకొని ఏడుస్తూనే నవ్వింది. పప్పులో ఉప్పు కలుపుకొని ఇద్దరం కడుపు నిండా తిన్నాం.

"సచ్చేముందు నీకొక ముచ్చట చెప్పాలె అని కొట్టంలకెళ్లి అన్నవు గద, ఏందక్కా?" అని అడిగాను.

"సస్తలేను గద, ఇంకెందుకే!" అని నా పళ్లెంలో ఇంకో గరిటె వేసింది.

ఆమె ఉన్నన్నాళ్లూ అడిగాను, నవ్వేది. ఏం ముచ్చటై ఉంటుంది బిడ్డా?