శనివారం ఉపవాసం వేళ మార్చుకున్నాను

ఆ శనివారం నాచారంలోని మా కుట్టు యూనిట్‌లో చొక్కాల కాలర్లు ఇస్త్రీ చేస్తున్నాను. మధ్యాహ్నం కాకముందే చేతులు వణికాయి, ఒళ్లంతా చెమటలు. వేడి పెట్టె పక్కన పెట్టబోయి దాని మీదికే వాలిపోయాను. పక్క టేబుల్ సుజాత వెనక్కి లాగకపోతే ముఖం కాలిపోయేది.

"పొద్దుగాల ఏమన్న తిన్నవా అక్కా?" అంటూనే నోట్లో చక్కెర వేసింది.

తినలేదు. శనివారాలు పగలంతా ఉపవాసముండి రాత్రికి భోంచేయడం పెళ్లికి ముందు నుంచీ నా అలవాటు. షుగర్ వచ్చాక కూడా మానలేదు.

ఉప్పల్‌లో డాక్టరమ్మ చూసి, "హైపోగ్లైసీమియా, అంటే షుగర్ బాగా పడిపోయింది. ఖాళీ కడుపుతో షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్ వేసుకున్నారు కదా?" అంది. తలూపాను. ఉపవాసం మానేయమంటుందని భయపడ్డాను. ఆమె ఆ మాట అనలేదు.

"పొద్దున మన ఒంట్లో ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది. పొద్దు వాలేకొద్దీ మందగిస్తుంది. మీరేమో అది బాగా పనిచేసే వేళ కడుపు మాడ్చుకుని, అది మందగించాక నిండా తింటున్నారు. ఉపవాసాన్ని సాయంత్రానికి జరిపి చూద్దాం" అని మాత్ర మార్చింది.

ఇంట్లో అత్తమ్మకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఆమే ఎక్కువ నిష్ఠగా ఉంటుంది మరి. అంతా విని, "దేవుడు నిన్ను కిందవడుమన్నడా బిడ్డా? పొద్దుగాల తిను, పొద్దుగూకినంక ఉపాసముండు. గదీ ఉపాసమే" అంది. జీవితమంతా అందరి తర్వాత తిన్న మనిషి, ఆ రోజు నుంచి వెలుతురుండగానే జొన్నరొట్టె పట్టుకుని నా పక్కన కూర్చుంటోంది. నేను ఒక్కదాన్నే తినకూడదట.

కొన్నాళ్లకు మళ్లీ దిగులు. పొద్దున్నే చూస్తే ఫాస్టింగ్ షుగర్ ఎక్కువ. "రాత్రంతా ఏం తినలే మేడం, యాడికెల్లి వచ్చింది?" అని డాక్టరమ్మ దగ్గర ఏడ్చినంత పని చేశాను.

"లివర్ ఇచ్చింది. మీరు లేచి పనిలో పడాలని తెల్లవారుజామునే గ్లూకోజ్ వదులుతుంది. డాన్ ఫినామినన్ అంటారు. మీ తప్పేం లేదు" అని నవ్వింది. భయం పోయి ముచ్చటేసింది. నేను నిద్రపోతుంటే నా ఒళ్లు నా కోసం తెల్లవారకముందే పని మొదలుపెడుతోందన్నమాట! మందు మోతాదు సరిచేసి, తిన్నాక కాసేపు నడవమంది.

ఇప్పుడు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ అదుపులో ఉంది. శనివారాలు ఉప్మా తిని డ్యూటీకి వెళ్తున్నాను, సాయంత్రం నుంచి ఉపవాసం. షుగర్ ఉండి ఉపవాసాలు చేసేవాళ్లకు ఒక్కటే చెబుతాను. మీరు వేసుకునే మాత్రలు తీసుకెళ్లి చూపించి, ఏ వేళ తినకుండా ఉంటారో ముందే డాక్టరుకు చెప్పండి.