పిన్ని పక్కన జిల్లేడు

నా చిన్నప్పుడు ఒక ఏడాదిపాటు మా అమ్మ కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. అజ్మాన్‌లో రెండు గదుల ఫ్లాట్ మాది. నాన్నకు షార్జాలో గ్యారేజీ పని, అమ్మ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, కంచం చేత్తో పట్టుకుని వంటింటికీ బాల్కనీకీ మధ్య తిరుగుతూనే అన్నం తినేది. కూర్చోమంటే కూర్చుని, ఏదో మర్చిపోయినదానిలా అంతలోనే లేచేది. ఆమెను చూసి చూసి నాకూ అదే పట్టుకుంది. బడి మూతపడి పాఠాలు ఫోన్లోనే చెప్పే రోజులు. నేనూ చాప చుట్టూ తిరుగుతూ వినేదాన్ని.

అది అంటుజబ్బు వచ్చి విమానాలు ఆగిపోయిన ఏడాది. అమ్మకు ఒక్కతే చెల్లెలు, మా పిన్ని. ఆమె కూడా నర్సే, మాతోనే ఉండేది. ఒక పొద్దున జడ వేసుకుంటూ తల పట్టుకుని కూలబడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. మూడో రోజుకు లేదు. గోదావరి పక్కనున్న మా ఊరికి పంపే దారి లేకపోయింది. అమ్మ అప్పుడు ఆ అంటుజబ్బు వార్డులో పనిచేసి, పద్నాలుగు రోజులు ఎవరినీ కలవకుండా గదిలో ఉండాల్సిన మనిషి. నాన్న, మా చర్చివాళ్లు ఇద్దరు కలిసి వెళ్లి, ఇక్కడే ఊరి బయట ఇసుకలో ఉన్న సమాధుల తోటలో పిన్నిని పెట్టి వచ్చారు. అమ్మ ఫోన్లో చూసింది.

ఆ తోటలో పిన్నిని పెట్టిన మూల సిమెంటూ పాలరాయీ ఉండవు. పెట్టె కూడా లేకుండా తెల్లగుడ్డలో చుట్టి నేలకు అప్పగిస్తారు. గుర్తుగా రాయికి బదులు మొక్కలు పెడతారు. ఏ మొక్కలు పెట్టాలో ఇంటివాళ్లే ఎంచుకోవచ్చు. షరతు ఒకటే. చలికాలం అయిపోయేదాకే కుళాయి. ఆ తరవాత నీళ్లు లేకుండా బతకాలి. బతకకపోతే ఆ చోట కంకర పరిచేస్తారు. తోట చూసుకునే మలయాళీ పెద్దాయన ఈ మాట అమ్మకు హిందీలో రెండుసార్లు చెప్పాడు. అమ్మ తలూపిందే గానీ విన్నట్టు నాకు అనిపించలేదు.

పిన్నికి గులాబీలంటే ప్రాణం. అమ్మ మొదట గులాబీ పెట్టింది, ఆ వేడికి ఎండిపోయింది. మల్లె పెట్టింది, ఎండింది. కనకాంబరమూ అంతే. ప్రతి శుక్రవారం కొత్త మొక్కతో వెళ్లడం, పాతదాన్ని పీకి సంచిలో వేసుకుని రావడం. ఒక్కో మొక్క పోయినప్పుడల్లా అమ్మ ఇంట్లో ఇంకాస్త వేగంగా తిరిగేది.

మమ్మల్ని తీసుకెళ్లేది నర్సరీ మామయ్య. జగిత్యాల వైపు మనిషి. షార్జా దగ్గర సజ్జాలో ఒక మొక్కల నర్సరీలో పని, అక్కడే కూలీల క్యాంపులో బస. అమ్మ వార్డులో పడుకుని కోలుకుని వెళ్లినవాడు. ఆ రుణం అనుకున్నాడో ఏమో, సెలవు రోజున నర్సరీ పికప్ అడిగి తెచ్చుకుని వచ్చేవాడు. అమ్మ తెచ్చే మొక్కలను చూసి నోరు తెరిచేవాడు, మళ్లీ మూసుకునేవాడు.

ఒక శుక్రవారం అమ్మ తోట పెద్దాయనతో మాట్లాడుతుంటే నేను ముందుగా వెళ్లి చూశాను. కిందటి వారం గులాబీ కూడా పుల్లై నిలబడి ఉంది. ఇలా అవుతుందని నాకు తెలుసు. అందుకే మా టీవీ పక్కన ఉండే ప్లాస్టిక్ గులాబీలు రెండు గౌను జేబులో తెచ్చుకున్నాను. వాటిని ఆ పుల్లకు గుచ్చాను. అమ్మ దూరం నుంచి ఎరుపు చూసి పరుగెత్తుకొచ్చింది. ఆ పరుగు చూశాకే నేను చేసింది ఎంత తప్పో నాకు తెలిసింది. వంగి పువ్వును ముట్టుకుంది. వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

"నువ్వు ఏడవకూడదని పెట్టానమ్మా" అన్నాను.

అమ్మ తిట్టలేదు. పూలు పీకి, చున్నీతో ఇసుక తుడిచి సంచిలో వేసుకుంది. మామయ్య అంతా చూశాడు. "యల్లా, ఎక్కున్రి" అని మాత్రం అన్నాడు. కానీ బండి అజ్మాన్ వైపు తిప్పలేదు.

సజ్జాలో ఫ్యాక్టరీలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఆపాడు. "ఇక్కడేముంది అన్నయ్యా?" అంది అమ్మ, దిగకుండానే.

"ఏం లేదక్కా. నీళ్లు వోసేటోడు ఎవ్వడు లేడు. అయినా ఏమేం బతుకుతున్నయో జర బిడ్డను చూసి రమ్మను."

నేను పరుగెత్తాను. చేసిన తప్పు నుంచి పారిపోవడానికి అదొక దారి. ఇసుక మీద పాకుతున్న తీగకు పసుపు పూలున్నాయి. ఏమిటని వంగేలోపు ముల్లు చెప్పును దాటి గుచ్చుకుంది. "పల్లేరే అది, కాలు చూసుకో!" అని అరిచింది అమ్మ, బండి దిగి. ఇంకాస్త దూరంలో బూడిదరంగు ఆకులు, దూది చుట్టినట్టున్న తెల్లటి కంకులు. "కొండపిండిలా ఉందే" అంది, దగ్గరికి వచ్చి నలిపి వాసన చూస్తూ. అలా మొక్క నుంచి మొక్కకు నడుస్తూ జిల్లేడు పొద దగ్గరికి వచ్చాం. నిండుగా పూసి ఉంది.

"గిది పెడదాం అక్కా. ఇది చావది" అన్నాడు మామయ్య.

అమ్మ ముఖం మారిపోయింది. "జిల్లేడా? మా చెల్లి మీద జిల్లేడు మొలిపిస్తారా? ఇంట్లో జిల్లేళ్లు మొలవా అనేది తిట్టండీ మాకు!"

"మా దిక్కు గూడ తిట్టే అక్కా." ఆయన తల వంచుకున్నాడు. "ఇరవై ఏండ్ల సంది రోడ్ల పొంటి పూలు నాటుతున్న. ఎండలు రాంగనే మా ముదీర్ సారు ఖలాస్ అంటడు. అన్నీ పీకి పారేస్తం. నేను నాటినయి ఒక్కటి గూడ ఇయ్యాల లేవు. మీ చెల్లెకు గట్ల కావద్దని అన్న, అంతే."

ఆయన నన్ను పిలిచి, కాస్త ఎడంగా ఉన్న పెద్ద చెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. దాని నీడ అంచున నా వేలంత మొలక ఒకటి ఉంది. "పీకకు బిడ్డా. పక్కకెల్లి తవ్వు. వేరు ఏడి దాకా పోయిందో చూసి మళ్ల కప్పుదాం." చేతులతో ఇసుక తోడాను. మణికట్టు దాటింది, మోచెయ్యి దాటింది. పడుకుని భుజం దాకా పెట్టినా ఆ సన్నటి వేరు ఇంకా కిందికే పోతోంది. అడుగున ఇసుక చల్లగా తగిలింది.

అప్పుడు నోటికొచ్చింది అడిగేశాను. "మామయ్యా, మనం పెడితే ఇది పిన్ని దాకా వెళ్తుందా?"

ఆయన అమ్మ వైపు చూశాడు. తరవాత నాకే చెప్పాడు. "పోతది బిడ్డా. పెట్టె లేదు, సిమెంట్ లేదు. పోతది."

అమ్మ వచ్చి మోకాళ్ల మీద కూలబడింది. నేను తవ్విన గుంటలో తన చెయ్యి పెట్టి, అలాగే ఉంచేసింది. ఎంతసేపో తెలియదు. చెట్టు నీడ మా మీద నుంచి జరిగిపోయింది, ఆమె లేవలేదు. ఆ ఏడాదిలో అమ్మ కుదురుగా కూర్చోవడం అదే మొదటిసారి.

"జమ్మి కదూ ఇది?" అంది చివరికి.

"జమ్మే అక్కా. ఈడోళ్లు గాఫ్ అంటరు."

అమ్మ గుంటను తనే కప్పింది. బండి ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "జిల్లేడు కూడా పెట్టండన్నయ్యా. దాన్ని తిట్టు అనుకునేవాళ్లు ఇక్కడెవరూ లేరుగా" అంది.

తరవాతి శుక్రవారం ఆయన నర్సరీ నుంచి వేరు తిన్నగా దిగేలా పొడుగు గొట్టంలో పెంచిన జమ్మి మొక్క, ఆ తెల్ల కంకుల మొక్కలు రెండు, ఒక జిల్లేడు తెచ్చాడు. పల్లేరు మాత్రం అమ్మ వద్దంది, పిల్లల కాళ్లు పాడవుతాయని. చలికాలమంతా నీళ్లు పోశాం. కుళాయి ఆపే రోజు వచ్చినప్పుడు మామయ్య అసలు కష్టమైన మాట చెప్పాడు. రెండు నెలలు అటు రావద్దన్నాడు. వస్తే సీసాడు నీళ్లయినా పోయకుండా ఉండలేరు, పైన తడి దొరికితే వేరు కిందికెందుకు పోతుందన్నాడు.

ఆ రెండు నెలలు అమ్మకు నరకం. శుక్రవారం చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వెళ్లేది, విప్పేసేది. ఒకసారి సీసా నింపి నా చేతికిచ్చి దాచెయ్యమంది. నేను తాగేశాను.

తిరిగి వెళ్లేసరికి చుట్టూ కంకర పరిచి ఉంది. పిన్ని చోటు అలాగే వదిలారు. జమ్మికి ఒక్క ఆకు లేదు. మలయాళీ పెద్దాయన గోటితో కొమ్మ గీకి చూపించాడు. లోపల పచ్చగా ఉంది. జిల్లేడైతే ఎవరినీ లెక్కచేయకుండా పూసింది.

ఇప్పుడు నా జుట్టు తెల్లబడింది. అమ్మ కంగారు నాకూ వచ్చింది, ఎక్కడా ఎక్కువసేపు కూర్చోలేను. కానీ ఎవరైనా పోయిన ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం ఏదో ఒకటి తీసుకెళ్లి చేతిలో పెట్టాలని తొందరపడను. ఓ మూల కూర్చుంటాను. ఆ ఇంట్లో ఎవరు సాయం లేకుండానే ఇంకా నిలబడి ఉన్నారో, ఎవరు పైకి ఎండిపోయినట్టున్నా లోపల తడిగా ఉన్నారో చూస్తాను. ఏం చెయ్యాలన్నది ఆ తరవాతే. కొన్నిసార్లు చెయ్యాల్సింది కొన్నాళ్లు అటు వెళ్లకుండా ఉండటమే. అది మాత్రం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.