రెక్కలిచ్చేసిన మిన్ను, తిట్లు తిన్న కరుణాకుమారి

సూళ్లూరుపేటలో కరుణాకుమారిని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. బజారులో రొయ్యలమ్మే ఆమె దగ్గర్నుంచి మందుల షాపాయన దాకా అందరికీ ఆమె మిన్నమ్మే. టీవీలో వారం వారం వచ్చే ‘మెరుపురెక్కల మిన్ను’ అనే పిల్లల బొమ్మల సీరియల్లో, వీపున మెరుపు రెక్కలు కట్టుకుని ఊరిని కాపాడే పన్నెండేళ్ల మిన్నుకి తెలుగులో గొంతు ఆమెది. సీరియల్ ఏదో దూరదేశం వాళ్లు తీసింది. మాటలు తెలుగులోకి మార్చి చెప్పించేది మద్రాసులో.

కరుణాకుమారి పుట్టిల్లు కోవూరు. చిన్నప్పటి నుంచీ చర్చి పాటల బృందంలో పాడేది. వయసొచ్చినా ఆమె గొంతులో ఒక మగపిల్లవాడి గరుకుదనం అలాగే ఉండిపోయింది. పెళ్లై సూళ్లూరుపేట వచ్చిన తర్వాత ఒక క్రిస్మస్ రేడియో నాటకంలో గొర్రెల కాపరి కుర్రాడి వేషానికి మద్రాసు వెళ్లి మాట్లాడింది. అది విన్న సంజీవరావు గారు ఆమెను పిలిపించారు. బొమ్మల సీరియళ్లకు తెలుగు మాటలు రాసేదీ, దగ్గరుండి చెప్పించేదీ ఆయనే. అది మొదలు ఎనిమిదేళ్లుగా వారానికి రెండు రోజులు ఆమె పొద్దున లోకల్ రైలు ఎక్కుతుంది, తడ, గుమ్మిడిపూండి దాటి మద్రాసులో దిగి, బస్సులో సాలిగ్రామం స్టూడియోకి వెళ్లి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని మిన్ను అయిపోతుంది. సాయంత్రానికి మళ్లీ ఇంటికొచ్చి కూరగాయలు తరుగుతుంది.

మొదటి నాలుగు సీజన్లూ ఆ పని వల్ల ఆమెకు సంతోషమే తప్ప ఇబ్బంది కలగలేదు. పెళ్లిళ్లలో పిల్లలు చుట్టూ మూగి, “మబ్బెంతున్నా మిన్ను మిన్నే” అని ఒక్కసారి అనమనేవాళ్లు. అనేది. వాళ్లు కేరింతలు కొడుతూ పరిగెత్తేవాళ్లు. చిక్కంతా అయిదో సీజన్‌తో వచ్చిపడింది.

ఆ సీజన్ మూడోవారంలో కథ అడ్డం తిరిగింది. మిన్నుకి ఆగర్భశత్రువు కారుమేఘుడు. వాడికో కూతురు, పేరు చినుకు. తండ్రి చేసే దుర్మార్గాలు చూడలేక పారిపోతూ ఆ పిల్ల ఎత్తైన గోపురం మీద నుంచి జారింది. మిన్ను గాలిలోనే తన రెక్కలు విప్పి ఆ పిల్లకు తగిలించేశాడు. ఒకరి వీపు వదిలిన రెక్కలు మళ్లీ ఆ వీపుకి అతుక్కోవు. ఆ రోజు నుంచి ఎగిరేది చినుకు. మిన్ను మామూలు పిల్లవాడిలా బడికి పోతాడు, లెక్కలు తప్పుతాడు, వానలో తడుస్తాడు. ఇదంతా ఎందుకలా రాశారో కరుణాకుమారికి తెలియదు. మైకు ముందు కాగితం పెట్టినప్పుడే ఆమెకూ తెలిసింది.

మర్నాడు పాలకేంద్రం దగ్గర మొదలైంది.

“ఏందమ్మా, వాళ్లెవళ్లకో ఇచ్చేసినావంట రెక్కలు. మా పిల్లోడు అన్నం తిన్లా రాత్రి,” అన్నాడు పాలు పోసే ఆయన.

“నేనిచ్చిందేముందన్నా. కథలో అట్టుండాది.”

“నువ్వు కాదంటే సరిపోయుండేది గదా.”

ఆమె పాలగిన్నె పట్టుకుని ఇంటికొచ్చేసింది. కాదంటే ఎలా సరిపోతుందో దారంతా ఆలోచించినా అర్థం కాలేదు.

ఆదివారం సండే స్కూలులో పిల్లలు రెండు వైపులుగా విడిపోయి కూర్చున్నారు. కిటికీ వైపు మిన్ను పక్షం, తలుపు వైపు చినుకు పక్షం. ఎప్పుడూ ఒకే పాటల పుస్తకంలో చూసి పాడే అబిగయీలు, జడ్సన్ చెరో మూల చేరారు. పాస్టరు సమాధానం గారు ఆరాధన అయ్యాక ఆమెను పక్కకు పిలిచారు. నెమ్మదస్తుడాయన, ఆ రోజు మాత్రం తల పట్టుకున్నారు.

“అమ్మా, ప్రభువు మనకోసం తన్ను తాను అర్పించుకున్న సంగతి చెప్పబోతే, మిన్ను మాదిరా అయ్యగారూ అని అడిగినారు. పోనీ అనుకున్నా. సగం మంది లేచి, అట్ట ఇచ్చేయడం తప్పు అన్నారు. నేనేం జవాబు చెప్పేది? ఈ సీరియల్ అయిపోయేదాకా ఆ పాఠం ఎత్తను.”

“నన్నేం చేయమంటారు అయ్యగారూ?”

“నువ్వేం చేస్తావులేమ్మా,” అన్నారాయన, ఆమే ఏదో చేసినట్టు చూస్తూ.

ఊరితో పోయిందా అంటే పోలేదు. ఎవరో ఆమె ఫోన్ నంబరు పట్టుకుని అభిమానుల వాట్సాప్ గుంపులో పెట్టారు. వైజాగ్ నుంచి, ఖమ్మం నుంచి, ఎక్కడెక్కడి నుంచో వాయిస్ మెసేజులు. ఒకడు మిన్నుని ఏడిపించి పాడుచేశావన్నాడు. ఒకావిడ తన కూతురు మొదటిసారి రెక్కలు గీసుకుందని చెప్పి దీవించింది. వెనకే ఇంకొకడు, నీ గొంతులో నమ్మకం లేదు, రెక్కలిచ్చేసేటప్పుడు నువ్వే ఇష్టం లేకుండా చెప్పావు, మాకు తెలిసిపోయింది అన్నాడు. దానికి ఆమె చాలాసేపు కోపం తెచ్చుకుంది. ఎందుకంటే అది నిజం.

నిజమే, ఆమెకా కథ నచ్చలేదు. ఎనిమిదేళ్లు ఎగిరిన పిల్లవాడు. ఇప్పుడు వాడికి ఎపిసోడ్‌కి నాలుగు మాటలు కూడా ఉండవు. ‘సరే’ అంటాడు, ‘జాగ్రత్త’ అంటాడు, నిట్టూరుస్తాడు. నిట్టూర్పు కోసం సూళ్లూరుపేట నుంచి సాలిగ్రామం పోయిరావాలి. చినుక్కి గొంతిచ్చే పిల్ల మద్రాసులోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, పేరు వినీల. చురుకైనది. అక్కా అక్కా అంటూ ఫలహారం పొట్లం విప్పి పెట్టేది. ఆ పిల్లను కోప్పడటానికి కూడా సందు లేదు.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి ఇంట్లో ఉంది. అత్తగారు పుష్పకుమారి మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఎనిమిదేళ్లలో ఒక్క ఎపిసోడూ వదలలేదు. కోడలి గొంతు వస్తుందని చూడ్డం మొదలుపెట్టి, తర్వాత కోడలి సంగతి మర్చిపోయి కథలో పడిపోయింది. ఆవిడ గట్టి చినుకు పక్షం. కొడుకు హెన్రీకి హైవే మీద మోటారు మెకానిక్కు షెడ్డు. అతను మిన్ను పక్షం. తల్లీకొడుకులు అన్నం దగ్గర మాట్లాడుకోవడం మానేసి, చెప్పదలుచుకున్నది కరుణాకుమారికి చెప్పేవాళ్లు.

“చూడు కరుణా, ఆ పిల్ల ఎట్ట ఎగరతా ఉండాదో. మీ వోడు ఎనిమిదేండ్లుండీ గోపురాలు పగలగొట్టడమే గానీ ఒక్కదాన్నన్నా కట్టిచ్చినాడా?” అనేది అత్తగారు.

“మా వోడు ఎవురత్తా? నేను గొంతిస్తుండా అంతే.”

“అదే చెప్తుండా. ఆ పిల్ల గొంతు చూడు, గంట కొట్టినట్టుండాది. నీ మిన్ను ఈమధ్య జలుబు చేసినోడి మాదిరి మాట్లాడతుండాడు.”

కరుణాకుమారి చారు గిన్నె కింద పెట్టి లోపలికి వెళ్లింది. హెన్రీ వెనకే వచ్చి, “అమ్మ మాటలకేంలే. అయినా నువ్వు ఆ సంజీవరావు సారుకి చెప్పరాదా, రెక్కలు తిరిగిప్పిచ్చమని,” అన్నాడు. భర్త కూడా పాలాయన అన్న మాటే అనేసరికి ఆమె అతన్ని అవతలికి పొమ్మంది. తలుపు గొళ్లెం పెట్టుకుని పడుకుంది.

చివరి ఎపిసోడ్ మాటలు చెప్పడానికి వెళ్లిన రోజున కాగితాలు చదివి ఆమె సంజీవరావు గారి దగ్గరకు వెళ్లింది. అందులోనూ మిన్నుకి రెక్కలు రాలేదు. ఊరంతా చీకటి కమ్మి ఉండగా, చినుకు దారి తప్పి మబ్బుల్లో తిరుగుతూ ఉంటే, మిన్ను లైట్‌హౌస్ లాంటి దీపస్తంభం మెట్లు కాలినడకన ఎక్కి పైన దీపం వెలిగిస్తాడు. ఎక్కుతున్నంతసేపూ మాటల్లేవు. ఆయాసమే.

“ఒక్క మాటన్నా కలపండి సార్. జనం నన్ను బతకనీయడం లేదు.”

“బొమ్మలో నోరు మూసుకుని ఉంటే మాట ఎక్కడ పెట్టనమ్మా?” అన్నారాయన విసుగ్గా. ఆయనకూ ఫోన్లు వస్తున్నాయి.

ఆమె కాగితాలు తీసుకుని లోపలికి నడిచింది. మొదటిసారి మైకు ముందు నిలబడి ఆయాసపడితే అది దొంగ ఆయాసమని ఆమెకే తెలిసిపోయింది. అయిదు నిమిషాలు అడిగి బయటికెళ్లింది. స్టూడియో ఉన్న మేడ మెట్లు కిందనుంచి డాబా దాకా ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. మోకాళ్లు వణుకుతుంటే వచ్చి మైకు పట్టుకుంది. గాజుగది అవతల సంజీవరావు గారు చెయ్యెత్తారు, చాలు అన్నట్టు. వినీల కళ్లు తుడుచుకుంది.

హెడ్‌ఫోన్ తీశాక ఆయన బయటికొచ్చి ఆమె పక్కన కూర్చున్నారు.

“నీకొకటి చెప్పాలి కరుణమ్మా. వచ్చే సీజన్లో మిన్ను పెద్దవాడవుతాడు. గొంతు మారుతుంది. మగ గొంతు కావాలన్నారు.”

“అట్టనా సార్,” అంది ఆమె. తిరుగు రైల్లో కిటికీ దగ్గర సీటు దొరికింది. దిగేదాకా బయటికి చూస్తూనే ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి శనివారం చిల్లకూరు నుంచి పెంచలకృష్ణ అనే కుర్రాడు మోటారుసైకిలు మీద ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. డిగ్రీ అయిపోయి నాన్నతో పొలం చూసుకుంటున్నాడు. పద్నాలుగేళ్లప్పటి నుంచీ మిన్ను చూసినవాడు, ఇప్పుడు ఆ అభిమానుల గుంపుకి పెద్ద. మర్యాదగా చెప్పులు బయట విడిచాడు గానీ, కూర్చోకముందే మొదలుపెట్టాడు.

“అక్కా, మీరు మా తరఫున వాళ్లకు గట్టిగా చెప్పాల. ఇది మిన్ను కథ. రెక్కలు లేని మిన్ను ఏం మిన్నక్కా?”

మూలనున్న కుర్చీలోంచి పుష్పకుమారి కళ్లద్దాలు సర్దుకుంది. “ఏం నాయనా, రెక్కలుంటేనే మనిషా?”

“అట్ట కాదు పెద్దమ్మా. వాళ్లు మమ్మల్ని మోసం చేసినారు.”

“నిన్నెవురు మోసం చేసినారు? ఆ పిల్ల కింద పడి చచ్చిపోతా ఉంటే చూస్తా ఊరకుండమంటావా?”

“పట్టుకోవచ్చు గదా. రెండో సీజన్లో బస్సునే పట్టుకున్నాడు.”

“అప్పుడు గాలి లేదు. ఈసారి గాలివాన. చూసినావా సరిగ్గా?”

హెన్రీ షెడ్డు నుంచి భోజనానికొచ్చి, చేతులకు గ్రీజుతోనే కుర్రాడి పక్కన చేరాడు. నడుమ కరుణాకుమారి లేకుండా తల్లితో నేరుగా మాట్లాడటం నెల తర్వాత అదే మొదటిసారి. కరుణాకుమారి టీ పెట్టుకొచ్చింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. గ్లాసులు అందుకున్నారు, తాగారు, వాదించుకున్నారు. ఆమె మళ్లీ వంటింట్లోకి వెళ్లింది, మళ్లీ వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.

“మీలో ఒక్కరన్నా నన్నడిగినారా?” అంది.

గొంతు పెంచలేదు. అయినా ముగ్గురూ ఆగారు.

“నాకు నచ్చిందో లేదో ఒక్కరడగలా. పాలాయన దగ్గర్నుంచి పాస్టరు గారి దాకా నేనే ఇచ్చేసినట్టు మాట్లాడతారు. నాకూ నచ్చలా. ఎనిమిదేండ్లు నా గొంతులో ఎగిరినాడు వాడు. నచ్చకపోయినా, రాసిందాన్ని సరిగ్గా చెప్పాలని మెట్లెక్కి దిగినా. అదీ అయిపోయింది. వచ్చే సీజన్‌కి నేను లేను. మిన్ను పెద్దోడైపోతాడంట, మగ గొంతు పెడతారంట. ఇంక మీ తగువు మీరు పడండి.”

పెంచలకృష్ణ లేచి నిలబడ్డాడు. “అంటే మీ గొంతు ఇంక రాదా అక్కా?”

“రాదు.”

అతను గ్లాసు కింద పెట్టాడు. వెళ్తాను అని కూడా అనకుండా బయటికి నడిచాడు. హెల్మెట్ కుర్చీలోనే మరిచిపోతే, హెన్రీ వీధి మలుపుదాకా పరిగెత్తి ఇచ్చొచ్చాడు.

హెన్రీ షెడ్డుకి వెళ్లిపోయాడు. దీపాలు పెట్టే వేళకు అత్తగారు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చింది.

“ఆ పిల్ల గొంతు బాగుండాదన్నానంటే, నీది బాగాలేదని కాదు గదమ్మే.”

“జలుబు చేసినోడి మాదిరి ఉండాదన్నావు అత్తా.”

“అన్నానులే.” ఆవిడ చిక్కుడుకాయల బుట్ట తీసుకుని ఈనెలు తీయడానికి కూర్చుంది.

చివరి ఎపిసోడ్ వచ్చిన రోజు ముగ్గురూ కలిసి చూశారు. మిన్ను దీపస్తంభం మెట్లెక్కుతుంటే గదిలో వాడి ఊపిరి తప్ప ఇంకేమీ వినిపించలేదు. వాడు ఆగుతున్నాడు, గోడ పట్టుకుంటున్నాడు, మళ్లీ ఎక్కుతున్నాడు. దీపం వెలిగింది. చినుకు దారి చూసుకుని దిగింది. పుష్పకుమారి తెర మీంచి చూపు తిప్పి కోడలి మోకాళ్ల వైపు చూసింది.

“మొన్న నూనె రాసుకుంటా ఉన్నింది ఇందుకేనా?”

“ఆఁ అత్తా.”

“ముందే చెప్పుంటే కాపడం పెట్టేదాన్ని గదా. ముప్పై ఏండ్లు నర్సు పని చేసినా, బొమ్మ కోసం మోకాళ్లు పాడుచేసుకున్నదాన్ని ఎవుర్నీ చూళ్లేదు.” ఆవిడ గొణుక్కుంటూ లేచి, వేణ్ణీళ్లు పెట్టడానికి వెళ్లింది.

ఆ సీజన్ మీద జనం ఇప్పటికీ ఒక మాట మీదకు రాలేదు. సమాధానం పాస్టరు గారు ఆ పాఠం ఎత్తారు గానీ, మొదట్లోనే ‘ఇందులో రెక్కల ప్రసక్తి లేదు’ అని చెప్పి మరీ ఎత్తారట. పెంచలకృష్ణ కొత్త సీజన్ చూడనని ఒట్టు పెట్టుకున్నాడు, చూస్తూనే ఉన్నాడు.

కరుణాకుమారి వారానికి ఒక్కరోజే మద్రాసు వెళ్తోంది. చిన్నపిల్లలకు అంకెలు నేర్పే కార్యక్రమంలో ముసలి తాబేలుకి గొంతిస్తోంది. మొదటి భాగం చూసి పుష్పకుమారి పెదవి విరిచింది.

“తాబేలంటే అంత నిదానంగా మాట్లాడాల్సిన పన్లేదు గదా. అంకెల్లో ఏడు చెప్పేలోపల నాకు నిద్రొచ్చింది.”

“వాళ్లట్టా చెప్పమన్నారు అత్తా,” అంది కరుణాకుమారి, మిరపకాయలు తుంచుతూ.