‘ప్రముఖ’ పక్కన ఖాళీ

ఇన్నేళ్ళలో నా మాట పట్టించుకున్నవాడు ఒక్కడూ లేడు. మా ఊరికి వచ్చే దినపత్రిక సంపాదకుడికి అప్పట్లో పదకొండు ఉత్తరాలు రాశాను. వీధి దీపం గురించి మూడు, కుళాయి గురించి నాలుగు, జగ్గయ్యపేట బస్టాండులో బల్ల కాలు విరిగినందుకు రెండు, ముందు రాసినవాటికి జవాబివ్వనందుకు రెండు. ఒక్కటీ అచ్చు కాలేదు. అందుకే, నా పెళ్ళిని నా చేతులతో నేనే ఎలా ముంచబోయానో ఇప్పుడు మీకు చెప్పుకుంటున్నాను. మీరైనా మధ్యలో లేచి వెళ్ళకండి.

ఆ రోజుల్లో పత్రికలవాళ్ళు ‘ప్రముఖ’ అనే మాటని పెళ్ళిలో పన్నీరులా చల్లేవాళ్ళు. ఎవరి మీద పడుతుందో చూసేవాళ్ళు కాదు. మా ఊరి వాలీబాల్ పోటీలు మొదలైన వార్తే తీసుకోండి. ప్రముఖ వైద్యులు ఫలానా, ప్రముఖ పత్తి వ్యాపారి ఫలానా, ఆఖరికి మైకు పెట్టినాయన కూడా ‘ప్రముఖ మైకుసెట్టు యజమాని’. కుర్చీలు మోసి, నెట్టు కట్టి, రిఫరీకి సోడా తెచ్చిన నేను? ‘చలపతి తదితరులు’. పేరు ముందు గుండులా నున్నగా ఉంది. వెనక మాత్రం తదితరులు!

మామూలప్పుడైతే పన్నెండో ఉత్తరం రాసి ఊరుకునేవాణ్ణి. కానీ వచ్చే గురువారం నందిగామలో నాకు పెళ్ళిచూపులు. పిల్ల తండ్రి సాంబశివరావుగారు పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషని మా మేనత్త చెప్పింది. బీకాం పాసై రెండేళ్ళుగా ఇంట్లో కూర్చున్న నాకు, ఆ ఒక్క మాట పడితే సంబంధం కుదిరినట్టే అనిపించింది.

బుధవారం కాంతారావుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మా ఊళ్ళో గొడుగులు బాగుచేసేవారు. ఆ పత్రికకి విలేకరి కూడా ఆయనే.

“ఏవండీ, మైకాయన ప్రముఖుడైతే నేనెందుకు కాను?”

“కోప్పడకు చలపతీ. ఉత్తినే ప్రముఖ అని వేస్తే బాగోదయ్యా, పక్కన ఒక పనుండాలి. నువ్వేం చేస్తున్నావు?”

“ప్రయత్నాలు చేస్తున్నా.”

“ప్రముఖ ప్రయత్నకారుడని వెయ్యమంటావా?”

“రైతు అని వెయ్యండి. వత్సవాయిలో మాకు పొలముంది.”

“మొన్న కలుపు తియ్యమంటే మిరప మొక్కలు పీకావంటగా?”

ఆ మాట కూడా నేను మర్చిపోలేదు. చివరికి నా గోల పడలేక, బహుమతుల వార్తలో ‘ప్రముఖ’ అని రాసి, కాస్త ఖాళీ వదిలి, నా పేరు రాశారు. అప్పట్లో వార్తలన్నీ కవర్లో పెట్టి మూడింటి బెజవాడ బస్సుకిస్తే, అక్కడ ఆఫీసువాళ్ళు తీసుకునేవాళ్ళు.

“ఖాళీలో ఏం రాసుకుంటావో నువ్వే రాసుకుని, బస్సుకిచ్చెయ్యి. అవతల గొడుగులు ఆగిపోయాయి.”

బస్టాండులో ఆ కాలు విరిగిన బల్ల మీదే కూర్చుని ఆలోచించాను. వ్యాపారి? కొట్టు లేదు. క్రీడాకారుడు? తెచ్చింది సోడాలు. సంఘసేవకుడు? మా అమ్మ చూస్తే, ముందు ఇంట్లో నీళ్ళ బిందె ఎత్తమంటుంది. సరే, ‘విద్యావేత్త’ అని రాద్దామని పెన్ను ఆనించానో లేదో, బల్ల రెండో కాలు విరిగింది. నేను దుమ్ము దులుపుకుని లేచేసరికి బస్సు కదులుతోంది.

“ఏమయ్యోయ్, కవరిస్తావా, నన్ను పొమ్మంటావా?” అని డ్రైవరు కేక.

ఇచ్చేశాను. బస్సు మలుపు తిరిగాక చూసుకుంటే పెన్ను నా చేతిలో ఉంది. ఖాళీ కవర్లో ఉంది.

మర్నాడు నందిగామలో మేము కుర్చీల్లో సర్దుకునేలోపే సాంబశివరావుగారు పేపరు తెరిచారు.

“జగ్గయ్యపేట చలపతి అంటే నువ్వేనా బాబూ?”

“అవునండి,” అన్నాను, ఛాతీ నిండా గాలి పీల్చి.

ఆయన పైకి చదివారు: “బహుమతి ప్రదానంలో ప్రముఖ ఫిర్యాదుదారు చలపతి పాల్గొన్నారు.”

మేనత్త చేతిలో జంతిక పుటుక్కుమంది. మా నాన్న సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టసాగాడు.

“దీని మీద ఫిర్యాదు చేస్తానండీ!” అని లేచాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

సాంబశివరావుగారు పేపరు మడిచారు. “మాది గొడవల్లేని ఇల్లండీ. ఏమీ అనుకోకండి.”

అప్పుడు గుమ్మంలోంచి పిల్ల, పేరు రాజ్యం, కాఫీ పళ్ళెం పట్టుకునే మాట్లాడింది. “నాన్నా, మన వీధి కుళాయి ఆగిపోయి ఎన్నాళ్ళయింది? అందర్నీ సర్దుకోమంటారు గానీ, ఎవర్నైనా అడిగారా?” తర్వాత నా వైపు తిరిగింది. “కుళాయి గురించి ఎప్పుడైనా రాశారా?”

“నాలుగుసార్లు రాశానండి.”

“నీళ్ళొచ్చాయా?”

“రాలేదండి.”

పళ్ళెం మీద కప్పులన్నీ గలగలలాడేలా నవ్వింది. వాళ్ళ నాన్నని ఒప్పించింది కూడా తనే. శ్రావణంలో పెళ్ళయిపోయింది. ఇప్పుడు మా ఇంట్లో ప్రముఖ ఫిర్యాదుదారు ఆవిడే. అన్నీ నా మీదే.

ఇకమీదట ఖాళీ ఉన్న ఏ కాగితాన్నీ బస్సెక్కించనని, ఆ నాటి నందిగామ కాఫీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.

అయితే సంపాదకుడుగారూ, ఒక్క మాట. బెజవాడలో నా మొహం తెలిసినవాడు లేడు. మరి ఆ ఖాళీ అంత సరిగ్గా ఎలా నింపారు? అంటే మీ ఆఫీసులో నా పదకొండు ఉత్తరాలూ చదివారన్నమాట! దొరికిపోయారు. ఇప్పుడు చెప్పండి, కుళాయి సంగతేమిటి?